దెబ్బ తగిలిన రాత్రి నుంచి 90వ రోజు దాకా: వరంగల్ ప్రాంతంలో ఎల్‌జీబీటీక్యూ మనుషులపై హింస జరిగితే ఏం చేయాలి, ఎలా రాసిపెట్టాలి

రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది. హనుమకొండ బస్టాండ్ వెనక సందులో ఫలానా అక్కను ముగ్గురు కొట్టారని, ఫోన్ లాక్కుపోయారని. తెల్లారేసరికి ఆ సంగతి నలుగురి నోళ్లలో నాలుగు రకాలుగా తిరుగుతుంది. వారం గడిస్తే 'ఏదో లొల్లి అయిందట, పెద్దమనుషులు కూర్చొని సర్దిచెప్పారట' అన్న ఒక్క ముక్క మిగులుతుంది. ఏడాది తర్వాత ఏ అధికారైనా 'మా దగ్గర అలాంటి కేసులేం లేవే' అంటే, చూపించడానికి మన చేతిలో ఒక్క కాగితం ఉండదు.

పోలీసు లెక్కల్లో కొట్లాటకు గడి ఉంది, దొంగతనానికి గడి ఉంది. 'గే అని తెలిసి కొట్టారు' అన్నదానికి గడి లేదు. ఆ గడి మనమే గీసుకోవాలి.

ఒకప్పుడు ఈ నేల మీద లెక్క వేరేగా ఉండేది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ఒక చట్టం ప్రకారం అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, ఇళ్లు సర్కారు రిజిస్టర్‌లో రాసి ఉంచొచ్చు. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకెళ్లొచ్చు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న కొట్టేసింది, వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో. నూరేళ్లు మన పేర్లు వాళ్ల రిజిస్టర్‌లో ఉండే వీలుండేది. ఇప్పుడు రిజిస్టర్ మన చేతికి వచ్చింది కాబట్టి, అందులో పేర్లు ఎలా రాయాలో ముందు మనమే నేర్చుకోవాలి. దాని గురించి కింద చెప్తాను.

మొదటి గంట: మనిషి ముందు, పుస్తకం తర్వాత

ఫోన్ రాగానే అడగాల్సినవి రెండే. ఇప్పుడు ఎక్కడున్నావు? ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు? ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది తర్వాత. కొట్టినవాళ్లు ఇంకా చుట్టుపక్కలే ఉంటే 112కి చేయాలి. రైల్లోనో స్టేషన్‌లోనో అయితే 139. రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. కిరాయి ఇంటికి పోతే ఓనర్ అడుగుతాడు, సొంతింటికి పోతే అన్న అడుగుతాడు. అందుకే రెండు మూడు ఇళ్లను ముందే అడిగి పెట్టుకోండి. అర్ధరాత్రి వెతకడం మొదలుపెడితే దొరకవు.

దెబ్బలుంటే ఆస్పత్రి. ఎంజీఎం క్యాజువాలిటీ గానీ, దగ్గర్లోని ఏ ప్రభుత్వ ఆస్పత్రి గానీ. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. 'ఏమైంది?' అని డ్యూటీ డాక్టర్ అడగగానే, పక్కన పదిమంది ఉన్నారన్న సిగ్గుతో 'బైక్ మీద నుంచి పడ్డా' అంటారు. ఆ మాట కేస్‌షీట్‌లో పడుతుంది. రేపు కోర్టులో ఎదుటి లాయర్ ముందుగా తీసేది ఆ కాగితమే. కాబట్టి లోపలికి వెళ్లే ముందు, గేటు దగ్గరే, మెల్లగా చెప్పండి: 'కొట్టారు అని చెప్పు. ఎందుకు కొట్టారో ఇప్పుడు చెప్పకపోయినా పర్లేదు.' డాక్టర్‌ను 'ఎంఎల్‌సీ రాయండి' అని అడగాలి. ఎంఎల్‌సీ అంటే దెబ్బ ఎవరైనా కొట్టడం వల్ల తగిలిందని ఆస్పత్రి రాసే రికార్డు. ఆ సమాచారం ఆస్పత్రి నుంచే పోలీసులకు వెళ్తుంది. ఎంఎల్‌సీ నంబర్ మీ ఫోన్‌లో రాసుకోండి.

లైంగిక దాడి జరిగితే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ బట్టలు ప్లాస్టిక్ కవర్‌లో వేస్తే చెమ్మకు పాడవుతాయి. కాగితం సంచిలో పెట్టండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. తెల్లారాక చూద్దాం అనుకునే పని కాదిది.

దెబ్బల ఫొటోలు రెండుసార్లు తీయండి, ఆ రాత్రి ఒకసారి, రెండో రోజో మూడో రోజో ఒకసారి. కమిలిన చోటు రంగు తేలేది అప్పుడే. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి తీస్తే దెబ్బ ఎంత పెద్దదో తెలుస్తుంది. ముఖం కనిపించే ఫొటో ఒకటి చాలు, మిగతావి దెబ్బ వరకే.

పుస్తకం

ఎక్సెల్ షీట్ కావాలా, యాప్ కావాలా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. మొదలుపెట్టడానికి గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ చాలు. ఏం రాయాలో తెలియకపోతే యాప్ ఉన్నా ఒకటే.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో నేను పూర్తి పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే పుస్తకంలో రాసేవాణ్ని. ఒకరోజు కరీంనగర్ బస్సులో ఆ పుస్తకం సీటు మీద మర్చిపోయి దిగాను. కండక్టర్ దాచిపెట్టాడు, సాయంత్రానికి దొరికింది. దొరికేదాకా నాకు కాళ్లు ఆడలేదు. అందులో పదకొండు మంది ఉన్నారు. ఏడుగురి ఇళ్లల్లో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి పుస్తకంలో పేర్లుండవు, గుర్తులుంటాయి. ఏ గుర్తు ఎవరిదో రాసిన కాగితం వేరే ఇంట్లో, వేరే మనిషి దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఉంచేవాళ్లైతే లాక్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ వద్దు. ముందుగా ఆ మనిషిని అడగండి: నేను రాసుకోవచ్చా? ఎవరికి చూపించొచ్చు, ఎవరికి చూపించొద్దు? రాసుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు పేపర్లో వేయడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఒక్కో పనికి విడిగా అడగాలి. రేపు మనసు మార్చుకుంటే తీసేయాలి.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూడండి. ఇది ఊహించి రాసింది:

హ-14. శనివారం రాత్రి 9:40 ప్రాంతం. కాజీపేట స్టేషన్ నుంచి బయటికొచ్చే దారి, టీ బండి దాటాక. ఇద్దరు. ఒకడు నల్ల టీషర్ట్, ఎడమ చేతికి కడియం. 'ఏయ్ కొజ్జా, పైసలు తియ్' అన్నాడు. జుట్టు పట్టి లాగాడు. కుడి మోచేయి గోడకు తగిలి తోలు లేచింది. పోయింది 1,200 రూపాయలు. చూసింది టీ బండి ఆయన, అడిగితే చెప్తానన్నాడు. ఫిర్యాదు ఇవ్వలేదు, తమ్ముడికి తెలుస్తుందని భయం. ఆ మనిషే చెప్తుంటే ఆదివారం ఉదయం 8కి రాశాను.

ఇందులో మూడు సంగతులు చూడండి. తిట్టిన తిట్టు తిట్టినట్టే ఉంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులు రాసే రైటర్ చేతిలో పడితే అది 'నానా బూతులు తిట్టి' అయిపోతుంది. అలా అయ్యాక, దాడి ఎందుకు జరిగిందో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోతుంది. రాయడానికి మీకు ఇబ్బందిగా ఉన్నా సరే, 'తేడాగాడు' అంటే 'తేడాగాడు' అనే రాయండి. రెండోది, ఎవరు చెప్పారు, ఎప్పుడు రాశారు అన్నది ఉంది. కళ్లారా చూసింది, విన్నది, మీరు అనుకున్నది కలపొద్దు. మూడోది, ఫిర్యాదు ఎందుకు ఇవ్వలేదో ఉంది. నా లెక్కలో ఆ గడి మిగతా అన్నిటికంటే విలువైనది.

దాడులొక్కటే రాయొద్దు. ఇల్లు ఖాళీ చేయమన్నారు, ఉద్యోగంలోంచి తీసేశారు, ఆస్పత్రిలో ఏ వార్డులో ఉంచాలో తెలియక వరండాలో కూర్చోబెట్టారు, ఐనవోలు జాతరలో దేవుడు పూనిన శివసత్తులుగా చూసి దండం పెట్టి కానుక ఇచ్చినవాళ్లే మర్నాడు అద్దెకు గది లేదన్నారు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. పాతిక పేజీలు నిండాక చిన్నవిగా ఉండవు.

ఫోన్‌లో ఉన్న ఆధారాలు

బెదిరింపు మెసేజ్ వస్తే మొదట చేయాలనిపించేది బ్లాక్ చేయడం. ఆగండి. కొన్ని డేటింగ్ యాప్‌లలో బ్లాక్ చేయగానే మొత్తం చాట్ మాయమవుతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. అవతలివాడి నంబర్ లేదా ప్రొఫైల్, తేదీ, టైమ్ కనిపించాలి, క్రాప్ చేయొద్దు. పైనుంచి కిందికి స్క్రోల్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ కూడా చేయండి. వాట్సాప్ అయితే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి కాపీలతో పాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. ఆ పని లాయర్ చూస్తారు, కానీ అసలు ఫోన్ మీ దగ్గర ఉంటేనే పని సులువు.

సీసీ కెమెరా సంగతి మర్చిపోవద్దు. షాపుల్లో రికార్డింగ్ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. మర్నాడే వెళ్లి షాపు ఆయన్ని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే, ఏ షాపు ముందు కెమెరా ఉందో ఫిర్యాదులో రాయండి.

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు

వరంగల్ పోలీస్ కమిషనరేట్ కిందికి హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలు వస్తాయి. 'ఇది మా పరిధి కాదు' అన్నది మనం ఎక్కువగా వినే మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (ఫిర్యాదు, దర్యాప్తు ఎలా నడవాలో చెప్పే చట్టం) సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

ఒక్కరే వెళ్లొద్దు, పదిమంది గుంపుగా కూడా వద్దు. గుంపును చూస్తే స్టేషన్‌లో ముందే బిగుసుకుపోతారు. ముగ్గురు చాలు: దెబ్బ తిన్న మనిషి, మాట్లాడగలిగేవాళ్లు ఒకరు, పక్కన కూర్చుని జరిగేదంతా రాసుకునేవాళ్లు ఒకరు. ఫిర్యాదు ఇంటి దగ్గరే తెలుగులో రాసి, రెండు కాపీలు తీసుకెళ్లండి. జరిగింది జరిగిన వరుసలో, గంటలతో సహా, ఒకటిన్నర పేజీకి మించకుండా. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, సంతకం తీసుకోండి.

సెక్షన్లు రాయడం పోలీసుల పని. అయినా ట్రాన్స్ వ్యక్తి మీద దాడి అయితే చివర ఒక వాక్యం చేర్చమంటాను: '2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 18 కూడా చేర్చగలరు.' ఎందుకంటే ఆ సెక్షన్ చాలామందికి గుర్తుండదు. ఇంటి నుంచి, ఊరి నుంచి వెళ్లగొట్టడం, అందరూ తిరిగే చోట అడ్డుకోవడం, ఒంటి మీద, మాటతో, డబ్బుతో హింసించడం అన్నీ దాని కిందికి వచ్చేలా రాశారు. చట్టం వచ్చినప్పుడు పెట్టిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు, జరిమానా. తక్కువే. అందుకే భారతీయ న్యాయ సంహితలోని (నేరాలు, శిక్షల కొత్త చట్టం) కొట్టడం, బెదిరించడం, దోపిడీ సెక్షన్లు కూడా పడేలా చూడండి. ఆ మనిషి ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, కులం పేరు ఎత్తి ఉంటే 1989 అట్రాసిటీ చట్టం కూడా వర్తించొచ్చు. రెండు తిట్లు కలిపి తిట్టడం మన దగ్గర మామూలే.

ఇక గుట్టు సంగతి. ఇది పెద్ద టెన్షన్. గే కుర్రాడు ఫిర్యాదు ఇస్తే తాను గే అని రాసి తీరాలని ఎక్కడా లేదు. రాయకపోతే దాడికి కారణం తెలియకుండా పోతుంది, రాస్తే ఇంట్లో తెలుస్తుంది. ఏది కావాలో తేల్చుకోవాల్సింది అతను, మీరు కాదు. ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. సున్నితమైన కేసులకు మినహాయింపు కూడా ఇచ్చింది. కాబట్టి 'దీన్ని సున్నితమైన కేసుగా చూసి వెబ్‌సైట్‌లో పెట్టవద్దు' అని ఫిర్యాదులోనే రాతపూర్వకంగా అడగండి. ఫోన్ నంబర్, చిరునామా ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. ఎంక్వైరీ కోసం కానిస్టేబుల్ ఇంటి ముందు బండి ఆపి, పక్కింటావిడను దారి అడిగితే చాలు, ఊరంతా తెలిసిపోతుంది. లాయర్ చిరునామా ఇవ్వొచ్చా అని ఎస్సైనే అడగండి.

తీసుకోకపోతే? అదే ఫిర్యాదును, ఏ రోజు ఏ టైమ్‌కు వెళ్తే తీసుకోలేదో చేర్చి, కమిషనర్‌కు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. రసీదు పుస్తకంలో అతికించండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేట్ దగ్గరికి, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 175(3) కింద. దానికి లాయర్ కావాలి. హనుమకొండ అదాలత్‌లోని న్యాయసేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. హెల్ప్‌లైన్ 15100. మానవ హక్కుల కమిషన్‌కు పోవాలంటే ఘటన జరిగిన ఏడాది లోపే పోవాలి.

చాలా కేసులు రాజీ దగ్గర ఆగుతాయి. 'చిన్న పిల్లలు, తెలియక చేశారు, కాంప్రమైజ్ చేసుకోండి' అని స్టేషన్లోనే కూర్చోబెడతారు. రాజీ ఎప్పుడూ తప్పే అని నేననను. ఆ సందులోంచే రోజూ నడవాల్సిన మనిషికి కేసు కంటే ప్రశాంతత ముఖ్యం కావొచ్చు. కానీ ఆ రోజే సంతకం పెట్టొద్దు. ఒక రాత్రి నిద్రపోయి, మర్నాడు చూసుకోవచ్చు. పెట్టేటట్టైతే కాగితం మీద అవతలివాళ్లు ఏం చేశారో కూడా ఉండాలి. 'ఇరువర్గాలు సఖ్యతగా ఉంటామని' అన్న ఒక్క లైన్ రాజీకి విలువ లేదు.

యాప్‌లో పరిచయం, ఊరి బయట దోపిడీ

ఇది ఇప్పుడు ఎక్కువైంది. ఫేక్ ప్రొఫైల్, రెండు రోజుల చాటింగ్, రింగ్ రోడ్డు వైపు రమ్మనడం. వెళ్తే ఒక్కడి బదులు నలుగురుంటారు. వీడియో తీస్తారు, ఫోన్ లాక్కుని యూపీఐ పిన్ చెప్పమంటారు. వదిలేటప్పుడు 'పోలీసుల దగ్గరికి పోతే నీ మీదే కేసు' అంటారు.

అది అబద్ధం. పెద్దవాళ్లు ఇష్టంతో కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. అంతకుముందు దాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కొత్త న్యాయ సంహితలో అసలే లేదు. వాళ్లు చేసింది మాత్రం నేరం: బెదిరించి వసూలు చేయడం సెక్షన్ 308, దోపిడీ 309. ఒంటి మీద బట్టలు లేకుండా వీడియో తీస్తే ఐటీ చట్టం 66ఈ. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబర్ దగ్గర పెట్టుకోండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి పోతుంది. రెండోసారి అడిగితే ఇవ్వొద్దు. ఒకసారి ఇచ్చినవాడి దగ్గరికి వాళ్లు మళ్లీ వస్తారు.

377 పోవడంతో ఒక నష్టం కూడా జరిగింది, దాచకుండా చెప్పాలి. వయసొచ్చిన మగవాడి మీద అత్యాచారం జరిగితే పెట్టడానికి ఇప్పుడు ప్రత్యేకమైన సెక్షన్ లేదు. తీవ్రంగా గాయపరచడం, నిర్బంధించడం, బెదిరించడం లాంటివాటితోనే కేసు కట్టాలి. అందుకే అలాంటప్పుడు ఎంఎల్‌సీ మరీ ముఖ్యం.

ఇంట్లోవాళ్లే అయితే

గదిలో పెట్టి తాళం వేయడం, ఫోన్ గుంజుకోవడం, హడావుడిగా పెళ్లి చూపులు, 'నయం చేయించడానికి' డాక్టర్ దగ్గరికో భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్లడం. పుస్తకంలో అన్నిటికంటే తక్కువ నమోదయ్యేవి ఇవే, ఎక్కువగా జరిగేవీ ఇవేనని నా అనుమానం. 'మార్చేస్తాను' అని వైద్యం చేయడాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చెప్పింది. అలా చేసిన డాక్టర్ మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కొట్టే తండ్రి మీద, అన్న మీద కూతురు 2005 గృహహింస చట్టం కింద వెళ్లొచ్చు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం జిల్లాలో ఉండే సఖి కేంద్రంలో మొదలుపెట్టండి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181.

ఇద్దరమ్మాయిలు ఇల్లు విడిచి వెళ్తే తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడతారు. ఒక్కోసారి ఒకమ్మాయి మీద కిడ్నాప్ కేసు కూడా. వెళ్లేముందే టెన్త్ మెమో దగ్గర పెట్టుకోమనండి. పుట్టిన తేదీకి స్టేషన్‌లో అడిగేది అదే. 'నేను మేజర్‌ని, నా ఇష్టంతో వచ్చాను' అని రాసి, వీడియో కూడా తీసి లాయర్‌కు ఇవ్వండి. విషయం కోర్టుకు వెళ్తే, ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో మనిషి మనసు మార్చే ప్రయత్నం జడ్జీలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పిన సంగతి లాయర్‌కు గుర్తుచేయండి.

పద్దెనిమిది నిండనివాళ్లైతే ఈ సలహాలేవీ పనికిరావు. దయతో ఇంట్లో పెట్టుకున్నా మీ మీదే కిడ్నాప్ కేసు కావొచ్చు. 1098కి ఫోన్ చేసి బాలల సంక్షేమ కమిటీ ద్వారానే నడవండి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని మీకు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ఈ ముక్కను, వాళ్లు చెప్పేది వినేముందే ఆ పిల్లకో పిల్లాడికో చెప్పండి, విన్నాక చెప్తే మోసం చేసినట్టుంటుంది.

కాలేజీలో అయితే యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో 2016 నుంచి లైంగికత, జెండర్ పేరుతో వేధించడం కూడా ఉంది. నంబర్ 1800-180-5522.

నెలాఖరున

అందరం కూర్చుని పుస్తకం చదువుతాం. ఒకసారి వేర్వేరు నెలల్లో, వేర్వేరు మనుషులు చెప్పిన మూడు పేజీల్లో ఒకే తెల్ల స్కూటీ కనిపించింది. నంబర్ చివరి రెండు అంకెలు కూడా కలిశాయి. ముగ్గురిలో ఒక్కరూ ఫిర్యాదు ఇవ్వలేదు. పేర్లు లేకుండా ఆ చోటు, ఆ సమయం, ఆ అంకెలు ఒక కాగితం మీద పెట్టి అధికారికి ఇచ్చాం. ఆ దారిలో పెట్రోలింగ్ మొదలైంది. స్కూటీ దొరికిందో లేదో మాకు చెప్పలేదు.

ఏడాదికోసారి పోలీసులకు ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి. పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు. అడగాల్సింది ఒక్కటే: మీ పరిధిలో ట్రాన్స్‌జెండర్ చట్టం సెక్షన్ 18 కింద ఈ ఏడాది ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లు, ఎన్నింటికి చార్జిషీట్. ఆ అంకెను మీ పుస్తకంలోని అంకె పక్కన రాయండి. 2023 ఎన్నికల్లో వరంగల్ తూర్పు నుంచి ఒక ట్రాన్స్ మహిళ అసెంబ్లీకి పోటీ చేసిన ఊరిది. అడిగేవాళ్లు లేరని ఎవరూ అనలేరు.

రోజూ ఇవి వినేవాళ్లకూ నిద్ర పట్టదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. మీరూ వాడుకోండి.

ఎఫ్‌ఐఆర్ అయినవాటికి క్యాలెండర్‌లో 90వ రోజు గుర్తు పెట్టండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు పోలీసులు చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 193లో ఉంది. ఎవరూ వాళ్లంతట వాళ్లు ఫోన్ చేయరు. మీరే ఆ మనిషికి ముందురోజు ఫోన్ చేసి, స్టేషన్‌కు వస్తావా అని అడగండి. రానంటే బలవంతం చేయొద్దు. ఎందుకు రానన్నారో మాత్రం ఆ పేజీలో, తేదీ వేసి రాయండి.